క్షయ క్రిమికి కబురందకుంటే..!

టీబీ మందులు ఇన్నాళ్లూ క్రిమి గోడల మీదా, దాని తయారీ యంత్రాల మీదా గురిపెట్టాయి. ఇప్పుడు పరిశోధకుల చూపు దాని చెవుల మీద పడింది. చుట్టూ ఏం జరుగుతోందో కనిపెట్టి, ఎప్పుడు పెరగాలో ఎప్పుడు ముడుచుకు పడుకోవాలో చెప్పే సంకేత ఎంజైములను అడ్డుకుంటే ఆరు నెలల వైద్యం తగ్గుతుందా? ప్రయోగశాలలు ఏమంటున్నాయి? మందుల షాపుదాకా రావడానికి అడ్డేమిటి?

మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలకే దగ్గు తగ్గుముఖం పడుతుంది. సాయంత్రపు జ్వరం రాదు. అన్నం సయిస్తుంది, ఒళ్లు తేరుకుంటుంది. రెండు నెలలు తిరిగేసరికి చాలామందికి గళ్ల పరీక్షలో క్రిమి కనపడదు. అయినా ఇంకో నాలుగు నెలలు మాత్రలు మింగాల్సిందేనంటారు డాక్టర్లు. రోగికి అంతుపట్టనిది ఇదే. బరువు పెరిగాడు, పనిలోకీ వెళ్తున్నాడు, ఇంకా ఈ మాత్రలెందుకు? చాలామంది మధ్యలో మానేసేదీ ఇక్కడే.

ఆ నాలుగు నెలలూ మిగిలిపోయిన కొద్దిపాటి క్రిముల కోసం. అవి చావలేదు, అలాగని పెరగడమూ లేదు. వేళ్లమీద లెక్కపెట్టే పనులు తప్ప అన్నీ ఆపేసి పడున్నాయి. ఐసోనయాజిడ్‌నే తీసుకోండి. క్షయ బ్యాక్టీరియా తన చుట్టూ మైనంలాంటి గోడ కట్టుకోవడానికి వాడే మైకాలిక్ ఆమ్లాల తయారీని అది ఆపేస్తుంది. గోడ కడుతున్నవాడి చేతిలో తాపీ లాక్కోవచ్చు. పని మానేసి పడుకున్నవాడి దగ్గర లాక్కోవడానికేముంది? అందుకే మందు ఒంట్లో ఉన్నా ఆ క్రిములు బతికిపోతాయి. మాత్రలు ఆగాక ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ లేస్తాయి.

మరి వాటిని పడుకోమన్నదెవరు? లేవమనేదెవరు? గత పాతికేళ్ల టీబీ పరిశోధనలో పెద్ద భాగం ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతోంది. దొరుకుతున్న జవాబుల్లో పదేపదే కనిపించేవి సంకేత ఎంజైములు.

నెలలు తరిగిన కథ

క్షయ వైద్య చరిత్ర అంటే చికిత్సాకాలం తరుగుతూ వచ్చిన చరిత్రే. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ ఈ బ్యాక్టీరియాను ప్రపంచానికి చూపించాడు. ఆ తర్వాత అరవై ఏళ్ల వరకూ మందే లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అంతే. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం ఆ కాలంలో పుట్టిందే. అక్కడికి వచ్చినవాళ్లు నెలలకు నెలలు, కొందరైతే ఏళ్ల తరబడి ఉండిపోయేవాళ్లు.

1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది. 1952లో ఐసోనయాజిడ్ వాడకంలోకి వచ్చింది. మందులు కలిపి వాడినా ఏడాదిన్నర, రెండేళ్లు పట్టేది. ఇంట్లో ఉండి మందులు వాడినా శానటోరియంలో ఉన్నంత ఫలితమే వస్తుందని 1959లో మద్రాసు అధ్యయనం తేల్చడంతో ఆస్పత్రి మంచం అవసరం తప్పింది. కాలం మాత్రం తగ్గలేదు. రిఫాంపిసిన్, పైరజినమైడ్ జతకలిశాకే అది ఆరు నెలలకు దిగింది. కారణం, మందకొడిగా పడున్న క్రిములను కూడా ఈ రెండూ కొంతవరకు పట్టుకోగలవు.

ఇందులో ఒక పాఠముంది. ఎక్కువ క్రిములను త్వరగా చంపే మందు వచ్చినందుకు నెలలు తరగలేదు. దాక్కున్న క్రిమిని చేరే మందు వచ్చినప్పుడే తరిగాయి. ఇక ముందు తరగాలన్నా దారి అదే. తరగాల్సిన అవసరమూ చిన్నదేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2023లో కోటీ ఎనిమిది లక్షల మంది టీబీతో జబ్బుపడ్డారు, పన్నెండున్నర లక్షల మంది చనిపోయారు. కొత్త రోగుల్లో 26 శాతం మన దేశంలోనే.

ఇన్ని చెవులెందుకు?

1998లో స్టీవర్ట్ కోల్ బృందం క్షయ బ్యాక్టీరియా జన్యుపటాన్ని పూర్తిగా చదివింది. 44 లక్షల అక్షరాలు, దాదాపు 4,000 జన్యువులు. అందులో పరిశోధకుల్ని నిలబెట్టిన సంగతి ఒకటుంది. మనుషుల కణాల్లో సంకేతాలు మోసే కైనేజ్ ఎంజైముల పోలికతో ఈ క్రిమిలో పదకొండు కైనేజ్‌లున్నాయి. అప్పటికి చాలామంది ఎరిగిన బ్యాక్టీరియాల్లో ఇవి అరుదు. పీకేఎన్-ఏ, బీ, డీ అంటూ ఎల్ దాకా వాటికి పేర్లు పెట్టారు.

వీటికి తోడు పదకొండు దాకా సంకేత జంటలున్నాయి. ఒక్కో జంటలో ఒకటి పైపొర దగ్గరుండి పరిస్థితిని పసిగడుతుంది, రెండోది ఆ కబురందుకుని జన్యువుల్ని నడిపిస్తుంది. ఇవిగాక సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును తయారుచేసే ఎంజైములు పదిహేనుకు పైగా ఉన్నాయి. మన పేగుల్లో ఉండే ఇ. కొలైకి ఈ పనికి ఒక్కటే ఉంది.

ఇన్ని ఎందుకంటే, ఇది ఉండే చోటు అలాంటిది. దగ్గు తుంపరలో గాల్లోకి వస్తుంది. ఇంకొకరి ఊపిరితిత్తిలో దిగుతుంది. అక్కడ దాన్ని మింగి అరిగించుకోవడానికి మాక్రోఫేజ్ అనే తెల్లకణం కాచుకుని ఉంటుంది. అందులో ఆమ్లం, విషవాయువులు, ఇనుముకు కటకట. బయటపడితే చుట్టూ కణాలు గూడుకట్టేస్తాయి, ఆక్సిజన్ అందదు. ఒకే క్రిమి ఒకే జీవితంలో ఇన్ని లోకాలు దాటాలి. పైగా అది తొందరపడే రకం కాదు. ఇ. కొలై ఇరవై నిమిషాలకు రెండవుతుంది, దీనికి దాదాపు ఇరవై గంటలు కావాలి. బలంతో, వేగంతో గెలిచే క్రిమి కాదిది. పసిగట్టి, సర్దుకుని గెలుస్తుంది.

సుబ్బారావు చూపిన ఏటీపీ

కైనేజ్ చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్‌ను తుంచి, ఇంకో ప్రోటీన్‌కు తగిలిస్తుంది. తగలగానే ఆ ప్రోటీన్ ఆకారం, నడత మారిపోతాయి. ఆగినది పనిచేస్తుంది, లేదా పనిచేస్తున్నది ఆగిపోతుంది. ఫాస్ఫటేజ్ అనే ఇంకో రకం ఎంజైము వచ్చి ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీస్తే మళ్లీ మొదటికి వస్తుంది. కణంలో కబుర్లలో చాలాభాగం ఇలా తగిలించడం, ఊడదీయడంతోనే సాగుతాయి.

ఈ కథకు మూలమైన ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. జర్మనీలో కార్ల్ లోమన్ అదే కాలంలో విడిగా కనిపెట్టాడు. అంతకు నాలుగేళ్ల ముందే, 1925లో, ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఫిస్కే, సుబ్బారావు రూపొందించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా జీవరసాయన విద్యార్థులందరికీ తెలిసిందే. ఫాస్ఫేట్ ఎక్కడుందో, ఎటు పోతోందో తెలిస్తే తప్ప కైనేజ్‌ల శాస్త్రమే లేదు. ఇవాళ క్షయ క్రిమి కైనేజ్‌కు మందు వెతికేవాళ్లు ముందుగా చూసేదీ ఏటీపీ వచ్చి కూర్చునే గాడినే. ఆ గాడిలో ఇంకేదైనా అణువును ఇరికిస్తే ఎంజైము పని ఆగిపోతుంది.

గోడ మీద మేస్త్రీ: పీకేఎన్-బీ

పదకొండింటిలో ఎక్కువ ఆశలు పీకేఎన్-బీ మీదే. దాని తల బయటికి, ఒళ్లు లోపలికి ఉంటుంది. బయటి భాగం గోడ కట్టడానికి వాడే ముడిసరుకు ముక్కల్ని పట్టుకుని, నిర్మాణం ఎంతవరకు వచ్చిందో తెలుసుకుంటుంది. లోపలి భాగం అందుకు తగ్గట్టు గోడ తయారీ ప్రోటీన్లకు ఫాస్ఫేట్లు తగిలించి, పని ఎక్కడ సాగాలో ఎక్కడ ఆగాలో నిర్ణయిస్తుంది. దాని తోటిది పీకేఎన్-ఏ. ఈ రెండింటి మోతాదు మారితే క్రిమి ఆకారమే వికారమవుతుందని 2005లో అమెరికా పరిశోధకులు చూపించారు.

మన దేశంలో ఈ రెండు కైనేజ్‌ల మీద ఎక్కువ కృషి చేసినవారిలో వినయ్ నందికూరి ఒకరు. ఢిల్లీలోని జాతీయ రోగనిరోధకశాస్త్ర సంస్థలో ఆయన బృందం పీకేఎన్-బీని కావాలన్నప్పుడు తగ్గించగలిగే బ్యాక్టీరియాను తయారుచేసింది. అది తగ్గితే క్రిమి గాజు సీసాలోనూ పెరగలేదు, ఆతిథ్యమిచ్చిన జీవిలోనూ నిలవలేదని 2014లో ప్రచురించింది. మందుకు లక్ష్యంగా ఎంచాలంటే ముందు కావాల్సింది ఈ రుజువే. లేకపోయినా ఫరవాలేదనిపించే ఎంజైమును ఆపి లాభం లేదు. నందికూరి 2021 నుంచి హైదరాబాద్ సీసీఎంబీకి డైరెక్టర్.

కడుపులో కూర్చుని కట్టడి: పీకేఎన్-జీ

పీకేఎన్-జీ కథ వేరు. మాక్రోఫేజ్ ఏ క్రిమినైనా మింగితే దాన్ని ఒక సంచిలో పెడుతుంది. కాసేపటికి ఆమ్లమూ అరిగించే రసాలూ నిండిన లైసోజోమ్ వచ్చి ఆ సంచితో కలిసిపోతుంది. లోపలున్నది జీర్ణమైపోతుంది. క్షయ క్రిమిని మింగినప్పుడు మాత్రం ఈ కలయిక జరగదు. క్రిమి ఆ సంచిలోనే కాపురం పెడుతుంది.

2004లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జాన్ పీటర్స్ బృందం ఒక కారణం పట్టుకుంది. క్రిమి తన పీకేఎన్-జీని మాక్రోఫేజ్‌లోకి వదులుతోంది. ఈ కైనేజ్ లేని క్రిములూ, దాన్ని అడ్డుకునే ఏఎక్స్-20017 అనే రసాయనం తగిలిన క్రిములూ లైసోజోమ్‌లోకి చేరి చచ్చాయి. చంపినది రసాయనం కాదు, మన కణమే. క్రిమి వేసిన కట్టు తెగ్గొట్టడం వరకే రసాయనం పని. కెనడాలోని వాంకూవర్ పరిశోధకులు పీటీపీ-ఏ అనే ఫాస్ఫటేజ్ కూడా ఇదే తీరున మాక్రోఫేజ్ యంత్రాంగంలో వేలు పెడుతోందని 2008లో చూపారు.

ఈ లక్ష్యాలకు ఒక సుగుణముంది. మందు క్రిమి గోడ దాటి లోపలికి పోనక్కర్లేకుండా, మాక్రోఫేజ్‌లోనే పట్టుకునే వీలుంది. చిక్కూ ఉంది. పోషకాలు నిండిన సీసాలో పీకేఎన్-జీ లేకపోయినా క్రిమి చాలావరకు బతికేస్తుంది. సీసాలో క్రిమిని చంపుతోందా లేదా అన్న పాత పరీక్షలో ఇలాంటి మందు తప్పిపోతుంది. అందుకే ఇప్పుడు మాక్రోఫేజ్‌ల లోపల క్రిమిని పెట్టి లక్షల రసాయనాలను జల్లెడపడుతున్నారు.

పడుకోమనే జంట

ఢిల్లీ ఎయిమ్స్‌లో జయా త్యాగి బృందం రోగం తెచ్చే రకం క్రిమినీ, తేలేని రకాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి, డెవ్ఆర్-డెవ్ఎస్ అనే సంకేత జంటను బయటపెట్టింది. ప్రపంచం ఇప్పుడు దాన్నే డాస్ఆర్, డాస్ఎస్ అని కూడా పిలుస్తోంది. డాస్‌టీ అనే మూడోదీ ఉంది. మన రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ లాంటి ఇనుప అణువే ఈ పసిగట్టే ప్రోటీన్ల గుండెలోనూ ఉంది. ఆక్సిజన్ తగ్గినా, మాక్రోఫేజ్ వదిలే నైట్రిక్ ఆక్సైడ్ తగిలినా ఆ హీమ్ తెలుసుకుంటుంది. వెంటనే డాస్ఆర్‌కు ఫాస్ఫేట్ అందుతుంది. దాదాపు యాభై జన్యువులు మేలుకుంటాయి. క్రిమి పొదుపు బతుకులోకి దిగుతుంది.

అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో రాబర్ట్ అబ్రమోవిచ్ బృందం ఈ జంటను ఆపే రసాయనాల కోసం పెద్ద వేట సాగించింది. దొరికినవాటిలో ఒకటి అందరికీ తెలిసిన పేరు, ఆర్టెమిసినిన్. చైనా శాస్త్రవేత్త తూ యూయూకు 2015లో నోబెల్ తెచ్చిన మలేరియా మందు. మలేరియా క్రిమిలోనూ అది హీమ్‌తోనే పనిచేస్తుంది. ఇక్కడ హీమ్‌ను చెడగొట్టి క్రిమికి ఆక్సిజన్ లోటు తెలియనివ్వకుండా చేస్తుంది. పడుకోవాల్సిన క్రిమి పడుకోలేక బలహీనపడుతుంది.

ఇది సీసాలో తేలిన సంగతని మరవకూడదు. డాస్ఆర్ లేని క్రిములు కోతుల్లో నిలదొక్కుకోలేకపోయాయి. ఎలుకల్లో మాత్రం ఫలితం ఒక్కో జాతిలో ఒక్కోలా వచ్చింది. ఎలుక ఊపిరితిత్తిలో మనిషికి వచ్చినట్టు గూళ్లు ఏర్పడకపోవడం అందుకొక కారణం.

నిద్రకు మరో దారి ఆకలి. తిండి అందకపోతే క్రిమిలోని రెల్ అనే ఎంజైము పీపీజీపీపీ అనే హెచ్చరిక అణువును తయారుచేస్తుంది, పెరుగుదల ఆగుతుంది. ఒకప్పుడు సీసీఎంబీలో, తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో పనిచేసిన దీపాంకర్ ఛటర్జీ మన దేశంలో ఈ అణువును చాలాకాలం శోధించారు. రెల్‌ను ఆపితే ఐసోనయాజిడ్‌కు లొంగని మందకొడి క్రిములు లొంగుతున్నాయని 2019లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చూపించారు.

ఆపడం కాదు, రెచ్చగొట్టడం

అన్నిటికన్నా ముందుకొచ్చింది ఎవరూ ఊహించని దారి. మాక్రోఫేజ్‌లో దాక్కున్న క్రిమికి మన కణాల కొలెస్ట్రాలే ముఖ్యమైన తిండి. కొలెస్ట్రాల్ తినే క్రిమిని ఆపే రసాయనాలు వెతికితే, వాటిలో కొన్ని ఏ ఎంజైమునూ ఆపడంలేదని తేలింది. పైగా సైక్లిక్ ఏఎంపీని తయారుచేసే ఆర్‌వీ-1625సీ అనే ఎంజైమును రెచ్చగొడుతున్నాయి. సంకేతం అవసరానికి మించి మోగి, క్రిమి కొలెస్ట్రాల్‌ను అరిగించుకోవడం మానేస్తోంది. చుట్టూ తిండి ఉండగానే పస్తు.

ఆ వరుసలో వచ్చిన జీఎస్‌కే-286 అనే మందు ఎలుకల్లో ఇతర టీబీ మందులతో కలిపినప్పుడు చికిత్సాకాలాన్ని తగ్గించగల సత్తా చూపింది. మనుషుల్లో తొలిదశ పరీక్షలకు వెళ్లింది. సంకేత ఎంజైము మీద గురిపెట్టి ఇంతదూరం వచ్చిన టీబీ మందులు అరుదు.

షాపుదాకా ఎందుకు రాలేదు?

రక్తక్యాన్సర్‌ను అదుపు చేసే ఇమాటినిబ్ 2001లో వచ్చింది. అది మనిషి కైనేజ్‌ను ఆపే మందు. తర్వాత క్యాన్సర్‌కు అలాంటివి డజన్లకొద్దీ వచ్చాయి. క్షయ క్రిమి కైనేజ్‌కు మాత్రం ఒక్కటీ రాలేదు. మొదటి అడ్డంకి పోలిక. మనిషిలో ఐదువందలకు పైగా కైనేజ్‌లున్నాయి. అన్నిటి ఏటీపీ గాడీ దగ్గరి పోలికే. క్రిమిదాన్ని ఆపబోయి మనదాన్ని ఆపితే గుండెకో, కాలేయానికో చేటు. క్యాన్సర్ రోగి కొంత చేటును ఓర్చుకుంటాడు. నెలల తరబడి మాత్రలు మింగాల్సిన టీబీ రోగికి ఆ వెసులుబాటు లేదు.

రెండోది గోడ. పీకేఎన్-బీని అతి తక్కువ మోతాదులో ఆపే రసాయనాలను 2011లో లండన్ పరిశోధకులు తయారుచేశారు. గొట్టంలో ఎంజైము మీద అవి అద్భుతం. బతికున్న క్రిమి మీద వేస్తే మోతాదు ఎన్నోరెట్లు పెంచాల్సి వచ్చింది. మైనపు గోడ దాటాలి, దాటాక బయటికి తోసేసే పంపుల్ని తట్టుకోవాలి, ఆపైన కణమంతా పుష్కలంగా ఉన్న ఏటీపీతో గాడి కోసం పోటీపడాలి. పీకేఎన్-ఏ, బీ రెండింటినీ ఒకేసారి ఆపే అణువులైతే మనిషి కైనేజ్‌లకు దూరంగా ఉండేలా మలచడం తేలికని అమెరికా కంపెనీ వెర్టెక్స్ 2017లో వాదించింది. గాడిని వదిలేసి, ఒక్కో ఎంజైముకే ప్రత్యేకమైన ఇతర మూలల్ని వెతికేవాళ్లూ ఉన్నారు.

ఈ అడ్డంకులన్నీ చూశాక ఎక్కువమంది పరిశోధకులు ఒక మాట దగ్గరికి వస్తున్నారు. సంకేత ఎంజైముల మందు ఒంటరిగా టీబీని నయం చేయాలని ఆశించకూడదు. పక్కమందుకు దారివ్వడమే దాని పని. పీకేఎన్-బీని ఆపే రసాయనం తోడైతే పెన్సిలిన్ జాతి మందులకు క్షయ బ్యాక్టీరియా తోబుట్టువులు మరింత లొంగుతున్నాయని ప్రయోగాలు చెబుతున్నాయి. ఒకే క్రిమి మీద రెండు దెబ్బలు పడితే నిరోధం తెచ్చుకోవడమూ కష్టం.

కాలం తగ్గుతుందన్న ఆశకు ఆధారాలు ఇప్పటికే కళ్లముందున్నాయి. 2012లో అమెరికాలో అనుమతి పొందిన బెడాక్విలిన్ క్రిమి ఏటీపీ తయారీనే ఆపుతుంది. పడుకున్న క్రిమికీ ఎంతోకొంత ఏటీపీ కావాలి, అందుకే అది దాన్నీ చేరుతుంది. ప్రెటోమనిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్‌తో కలిపి ఏడాదిన్నరకు పైగా సాగే మందులకు లొంగని టీబీ చికిత్సను ఆరు నెలలకు తెచ్చింది. మామూలు టీబీలోనూ రిఫాపెంటిన్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిసిన నాలుగు నెలల చికిత్స ఆరు నెలలదానికి తీసిపోదని 2021లో రుజువైంది.

ఇకపై పత్రికల్లో ‘టీబీకి కొత్త మందు’ అన్న శీర్షిక కనిపిస్తే పాఠకులు మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఎంజైమును ఆపిందా, లేక గోడ దాటి క్రిమిని కూడా చేరిందా? సీసాలో పెరిగే క్రిమి మీద పనిచేసిందా, ఊపిరితిత్తిలో పడుకున్నదాని మీద కూడానా? చివరిగా, చికిత్సలో ఎన్ని నెలలు తగ్గించింది? మొదటి రెండింటికీ ఎంత గొప్ప జవాబున్నా, మూడోదానికి జవాబు వచ్చేదాకా రోగి చేతిలోని మాత్రల లెక్క మారదు.

ఇప్పటికి మనం చేయాల్సింది

• రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, గళ్లలో రక్తం ఉంటే పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం.

• ఒంట్లో బాగున్నా డాక్టరు చెప్పిన గడువు పూర్తిచేయాలి. మధ్యలో మానేస్తే మిగిలిన క్రిములు మందులకు లొంగనివిగా మారే ముప్పుంది.

• ఆర్టెమిసినిన్ సహా ఏ మందునూ టీబీ కోసం సొంతంగా వాడకూడదు. అది ఇంకా ప్రయోగశాల దశలోనే ఉంది.

• నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్సాకాలంలో తిండి కోసం నెలకు 1,000 రూపాయలు రోగి ఖాతాలో పడతాయి. 2018లో 500తో మొదలైన సాయాన్ని 2024 నవంబరు నుంచి రెట్టింపు చేశారు. బ్యాంకు వివరాలు నమోదయ్యాయో లేదో ఆరోగ్య కార్యకర్తను అడిగి చూసుకోవాలి.